బాకీ దారిలో ఏడు రోజులు: ఈపర్ నుంచి బెర్లిన్ దాకా

మొదటి రోజు: ఈపర్

36 ఏళ్ళు బ్యాంకులో అప్పుల ఖాతాలు చూసిన మనిషిని కావడం వల్లనేమో, మొదటి ప్రపంచ యుద్ధం గురించి ఎప్పుడు చదివినా ఒకటే ప్రశ్న నన్ను పట్టుకునేది: అంత ఖర్చూ చివరికి ఎవరు కట్టారు? చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పిన ఒక సంగతి ఆ ప్రశ్నకు మూలం. దాన్ని ఫ్రాంక్‌ఫర్ట్ చేరాక చెప్పడమే సబబు. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి వారం రోజులు సెలవు పెట్టడంతో, నేనూ మా శ్రీమతీ వాడి కారులో అక్టోబరు నెలలో బెల్జియం బయలుదేరాము. యుద్ధం జరిగిన నేల ముందు చూసి, దాని బాకీ వసూలైన చోట్లకు తరువాత వెళ్ళాలన్నది నేను వేసుకున్న వరస.

ఫ్రెంచివారు ఈప్ర్ అనే ఈపర్ పట్టణం మధ్యాహ్నానికి చేరాము. దారి పొడవునా పొలాల గట్ల మీద అప్పుడే తవ్విన చక్కెర దుంపలు మట్టితో సహా కుప్పలు పోసి ఉన్నాయి. ఆ మట్టిలో దుంపలతో పాటు ఇప్పటికీ ఆనాటి పేలని ఫిరంగి గుళ్ళు బయటపడుతూనే ఉంటాయి. వాటిని రైతులు జాగ్రత్తగా పక్కన పెడితే బెల్జియం సైన్యం వచ్చి తీసుకుపోతుంది. 1915 ఏప్రిల్ 22న పశ్చిమ రంగంలో మొదటిసారి పెద్ద ఎత్తున క్లోరిన్ వాయువును వదిలింది ఈ ఊరి పక్కనే. నాలుగేళ్ళ ఫిరంగి దెబ్బలకు ఊరంతా నేలమట్టమైంది. మధ్యయుగాల నాటిదని చూడగానే అనిపించే బట్టల వర్తకుల మహాభవనం నిజానికి యుద్ధం తరువాత రాయి రాయి పేర్చి మళ్ళీ కట్టినది. ఆ పని 1967 దాకా సాగింది.

రాత్రి 8 గంటలకు మెనిన్ ద్వారం దగ్గర నిలబడ్డాము. 1927లో ఆవిష్కరించిన ఈ తోరణం గోడల మీద, శవాలైనా దొరకని 54 వేల మందికి పైగా సైనికుల పేర్లున్నాయి. వారిలో భారతీయులూ ఉన్నారు. 1928 నుంచి ప్రతి రాత్రీ ఇక్కడ వాహనాలను ఆపి, బాకా ఊది వారిని తలచుకుంటారు. రెండో యుద్ధంలో జర్మన్ల ఆక్రమణ కాలంలో తప్ప ఈ ఆనవాయితీ ఆగలేదు. బాకా ఆగాక వచ్చిన నిశ్శబ్దంలో మా శ్రీమతి గోడ వైపు చూస్తూ, "ఏవండీ, ఒక్కొక్క పేరుకూ ఎక్కడో ఒక అమ్మ ఉండి ఉంటుంది కదా," అంది. ఆ మాట మరునాటి ప్రయాణానికి మొదటి మాట అవుతుందని అప్పుడు నాకు తెలియదు.

రెండో రోజు: వ్లాడ్స్లో

డిక్స్‌మ్యూడ్ పట్టణం దాటి వ్లాడ్స్లో గ్రామం పక్కనున్న జర్మన్ శ్మశానానికి వెళ్ళాము. అక్కడ 25 వేల మందికి పైగా నిద్రిస్తున్నారు. ఎత్తైన రాళ్ళు లేవు. నేలకు సమంగా పరచిన పలకల మీద ఒక్కోదానికి ఇరవై పేర్ల చొప్పున చెక్కారు. పైన ఓక్ చెట్లు, కింద రాలిన ఆకులు. మేము వెళ్ళేసరికి అక్కడ మనుషులెవరూ లేరు.

శ్మశానం చివర రెండు రాతి విగ్రహాలు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాయి. తండ్రి నిటారుగా, రెండు చేతులనూ తన ఒంటికే గట్టిగా చుట్టుకుని, పెదవులు బిగించి ముందున్న పలకను చూస్తున్నాడు. తల్లి తల వంచుకుని, భుజాలు ముడుచుకుని, ఒక చేత్తో చెంపను ఆనుకుని ఉంది. ఇద్దరికీ మధ్య ఖాళీ జాగా ఉంది. ఒకరినొకరు తాకరు, ఒకరి వైపు ఒకరు చూడరు. బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లోకి పరామర్శకు వెళ్ళినవారికి ఆ దూరం తెలిసే ఉంటుంది. ఒక మూల ఆయన, ఒక మూల ఆమె.

వీటిని చెక్కిన క్యాథె కోల్విట్జ్ బెర్లిన్ కళాకారిణి. ఆమె భర్త కార్ల్ అక్కడి పేదల పేటలో వైద్యుడు. వారి చిన్న కొడుకు పీటర్ 1914 ఆగస్టులో, 18 ఏళ్ళ వయసులో, సైన్యంలో చేరతానన్నాడు. మైనరు కావడంతో తండ్రి సంతకం కావలసి వచ్చింది. కార్ల్ ఒప్పుకోలేదు. కొడుకు కళ్ళలోకి చూసి కాదనలేక, భర్తను ఒప్పించింది క్యాథేనే. అక్టోబరులో పీటర్ ఇక్కడికి దగ్గరలోనే చనిపోయాడు. ఆ తల్లి ఆ తరువాత బతికిన 30 ఏళ్ళూ ఆ ఒప్పించడాన్ని మోసింది. ఈ విగ్రహాల ఆలోచన యుద్ధం మొదటి ఏడాదిలోనే పుట్టినా, ఆమెకు తృప్తి కలిగేలా రూపం తేలి, ఇవి పీటర్ సమాధి దగ్గరకు చేరడానికి 1932 దాకా పట్టింది. ఆ తండ్రి ముఖం కార్ల్‌ది, తల్లి ముఖం ఆమెదే. సమాధులను 1956లో వేరే ఊరి నుంచి వ్లాడ్స్లోకి మార్చినప్పుడు విగ్రహాలు కూడా పీటర్ వెంటే వచ్చాయి.

మా అబ్బాయి పలక మీది ఆకులను చేత్తో తుడిచి, ఇరవై పేర్లలో పీటర్ పేరును వెతికి చూపించాడు. తండ్రి విగ్రహం చూపు సరిగ్గా ఆ పలక మీదనే ఆగుతుంది. మేము అక్కడ రెండు గంటలకు పైగా ఉన్నాము. ఆ రోజు ఇంకేమీ చూడలేదు.

మూడో రోజు: నవ్ షాపెల్

ఫ్రాన్సు సరిహద్దు దాటి, నాలుగు రోడ్ల కూడలిలో పొలాల మధ్య నిలిచిన భారత సైనికుల స్మారకానికి చేరుకున్నాము. అశోక స్తంభాలను తలపించే 15 మీటర్ల స్తంభం, దాని పైన తామరపువ్వు, రెండు పక్కలా పులులు, వలయంగా తిరిగిన గోడ. హెర్బర్ట్ బేకర్ రూపొందించిన ఈ కట్టడాన్ని 1927 అక్టోబరు 7న ఆవిష్కరించారు. సమాధి దొరకని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు గోడ మీద పటాలాల వారీగా ఉన్నాయి.

1914 సెప్టెంబరు చివర నుంచి మార్సెయ్ రేవులో దిగిన లాహోరు, మీరట్ డివిజన్లు నెల తిరగకుండానే ఈ బురద కందకాల్లోకి వచ్చాయి. ఎండ దేశపు నూలు దుస్తులతో దిగినవారికి చలిబట్టలు కూడా సరిగా అందలేదు. 1915 మార్చి 10న ఇక్కడ మొదలైన పోరులో దాడికి దిగిన సైన్యంలో సగం భారతీయులే. 35 నిమిషాల ఫిరంగి వాన తరువాత ఊరు చేతికి వచ్చింది. మూడు రోజుల తరువాత పోరు ఆగేసరికి, గెలిచినదల్లా ఈ ఊరూ దాని చుట్టూ ఉన్న కొన్ని పొలాలూ. భారత దళంలో మరణించినవారూ గాయపడినవారూ కలిపి సుమారు 4,200 మంది. మొదటి రోజే చనిపోయి, మరణానంతరం బ్రిటన్ అత్యున్నత సైనిక పురస్కారం విక్టోరియా క్రాస్ పొందిన గఢ్‌వాలీ సైనికుడు గబర్ సింగ్ నేగీ పేరును గోడ మీద వెతికి చూశాము.

ఆ సైనికులు ఇంటికి రాసే ఉత్తరాలను సెన్సారు అధికారులు చదివేవారు. వారి కళ్ళు కప్పడానికి భారత సైనికులను నల్ల మిరియాలనీ, తెల్ల సైనికులను ఎర్ర మిరపకాయలనీ మారుపేర్లతో రాసిన ఉత్తరాలు దొరికాయి. నల్ల మిరియాలు అయిపోవచ్చాయని రాస్తే ఊళ్ళో పెద్దవాళ్ళకు అర్థమయ్యేది. వంటింటి సరుకుల లెక్కలాగా చావుల లెక్క రాసుకోవలసి వచ్చిన ఆ కుర్రవాళ్ళు తలపుకు వస్తే, గోడ ముందు నా గొంతు పెగల్లేదు.

గోడ మీద తెలుగు పేర్ల కోసం వెతికాను గాని, దొరుకుతాయన్న ఆశ పెద్దగా లేదు. కొన్ని జాతులు మాత్రమే యోధ జాతులన్న తమ సిద్ధాంతాన్ని పట్టుకుని, బ్రిటిషువారు యుద్ధానికి ముందే మదరాసు ప్రెసిడెన్సీ నుంచి సైనికులను తీసుకోవడం బాగా తగ్గించారు. అయినా యుద్ధం మన గడపకూ వచ్చింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎండెన్ మదరాసు రేవు మీద గుళ్ళు కురిపించి చమురు ట్యాంకులను తగలబెట్టినప్పుడు, జనం పట్నం వదిలి పారిపోయారు. 1917లో భారత ప్రభుత్వం బ్రిటన్ యుద్ధ ఖర్చుకు 10 కోట్ల పౌండ్లు, అంటే నాటి మారకంలో 150 కోట్ల రూపాయలు, కానుకగా ఇచ్చింది. కానుక అన్నది కాగితం మీది పేరు. ఆ సొమ్ములో చాలా భాగాన్ని ఇక్కడి జనం దగ్గరే అప్పుగా తీసి, వడ్డీని ఇక్కడి పన్నుల నుంచే కట్టారు. 1918లో ధరలు పెరిగి, మదరాసు ప్రెసిడెన్సీలో ఆకలితో జనం ధాన్యం కొట్ల మీద పడ్డారు. గోడ మీద పేర్లెక్కని బాకీదారులు వీరు.

నాలుగో రోజు: కాంపియేన్

కాంపియేన్ అడవిలో సంధి సంతకమైన చోటు ఇప్పుడు చెట్ల మధ్య విశాలమైన మైదానం. 1918 నవంబరు 11 తెల్లవారుజామున 5 గంటలు దాటాక ఫ్రెంచి సేనాపతి మార్షల్ ఫాష్ రైలుపెట్టెలో సంతకాలయ్యాయి. అమలు మాత్రం 11 గంటలకు. నడుమనున్న ఆ గంటల్లోనూ సైనికులు చనిపోతూనే ఉన్నారు. 1940 జూన్‌లో హిట్లర్ అదే పెట్టెను మ్యూజియం నుంచి బయటకు తీయించి, ఫ్రాన్సు చేత అందులోనే సంతకం పెట్టించి, దాన్ని జర్మనీకి తరలించాడు. అది అక్కడే నాశనమైంది. ఇప్పుడు చూపించేది ఆ వరసలోనే తయారైన మరో పెట్టె.

నాకు ఇక్కడ గుర్తొచ్చిన మనిషి జర్మనీ పక్షాన సంతకం పెట్టిన మాథియాస్ ఎర్జ్‌బెర్గర్. సేనాపతులు ఓడిపోయి తప్పుకుంటే, ఆ అవమానం మీద సంతకం ఒక పౌర నాయకుడి చేత పెట్టించారు. తరువాత ఆర్థిక మంత్రిగా ఆయన, యుద్ధ ఖర్చును ఉన్నవాళ్ళ మీద పన్నులుగా వేసి తీర్చాలని చూశాడు. దేశమంతటికీ ఒకే ఆదాయపు పన్ను విధానం తెచ్చింది ఆయనే. 1921 ఆగస్టులో తీవ్రవాద జాతీయవాదులు ఆయనను కాల్చి చంపారు. బాకీ తీర్చే సరైన దారి చూపిన ఒక్క మనిషినీ ఆ దేశం అలా పోగొట్టుకుంది.

ఐదో రోజు: వెర్సాయ్

అద్దాల మందిరంలో జనం కిక్కిరిసి ఉండడం వల్ల ఎక్కువసేపు నిలవలేదు. 1871లో ఫ్రాన్సును ఓడించిన జర్మన్లు తమ సామ్రాజ్యాన్ని ప్రకటించుకున్నది ఈ మందిరంలోనే. 1919 జూన్ 28న యుద్ధానంతర శాంతి ఒప్పందం మీద వారి చేత ఫ్రాన్సు సంతకం పెట్టించుకున్నదీ ఇక్కడే. భారతదేశం తరఫున బ్రిటన్‌లో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు, బికనీరు మహారాజు గంగా సింగ్ సంతకాలు చేశారు. జర్మనీ కట్టాలని 1921లో లండన్‌లో ఖరారు చేసిన పరిహారం 13,200 కోట్ల బంగారు మార్కులు. ఆ బాకీ తీర్చడానికి తెచ్చిన అప్పుల మీద చివరి వడ్డీ వాయిదాను జర్మనీ 2010 అక్టోబరు 3న కట్టింది. ఆ ఏడాది నేను ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను. ఎంత మొండి బాకీ అయినా అన్నేళ్ళు ఖాతాలో నిలవడం నేనెన్నడూ చూడలేదు. సాయంత్రం కారులో ఫ్రాంక్‌ఫర్ట్ బయలుదేరి అర్ధరాత్రికి చేరాము.

ఆరో రోజు: ఫ్రాంక్‌ఫర్ట్

జర్మనీ కేంద్ర బ్యాంకు అయిన బుండెస్‌బ్యాంక్ ఈ ఊళ్ళో నాణేలకూ నోట్లకూ ఒక మ్యూజియం నడుపుతోంది. ప్రవేశానికి రుసుము లేదు. యాత్ర మొత్తంలో నేను అన్నిటికన్నా ఎక్కువసేపు గడిపింది అక్కడే.

1914 ఆగస్టులో జర్మనీ నోటుకు బంగారం ఇచ్చే పద్ధతిని ఆపివేసింది. యుద్ధానికి పన్నులు పెంచకుండా, ఆరు నెలలకొకసారి చొప్పున తొమ్మిది విడతల యుద్ధ బాండ్లు అమ్మి సుమారు 9,800 కోట్ల మార్కులు సేకరించింది. గెలిచాక ఈ భారమంతా ఓడినవాళ్ళ నెత్తిన వేయవచ్చన్నది ఖజానా చూసిన హెల్ఫరిక్ ధీమా. 5 శాతం వడ్డీ, సర్కారు పూచీ అనగానే ఉపాధ్యాయులు, గుమాస్తాలు, వితంతువులు, చిన్న దుకాణదారులు తమ పొదుపంతా తెచ్చి పోశారు. బంగారం ఇచ్చి ఇనుము తీసుకుందామన్న పాత నినాదం మళ్ళీ లేచింది. ఆడవాళ్ళు గొలుసులూ ఉంగరాలూ ఇచ్చి, బదులుగా ఇనప నగలు పెట్టుకున్నారు. కొడుకును ఇచ్చిన ఇల్లే బంగారమూ ఇచ్చింది, పొదుపూ ఇచ్చింది.

యుద్ధం ఓడిపోయారు. పరిహారపు బొగ్గూ కలపా సరిగా అందడం లేదని 1923 జనవరి 11న ఫ్రాన్సు, బెల్జియం సైన్యాలు జర్మనీ బొగ్గు గనులున్న రూర్ ప్రాంతాన్ని ఆక్రమించాయి. పని మానేసి ప్రతిఘటించమని బెర్లిన్ ప్రభుత్వం కార్మికులకు చెప్పి, వారి జీతాలు తానే ఇవ్వబూనింది. డబ్బు లేదు కాబట్టి అచ్చు వేసింది. 1914లో డాలరుకు 4.2 మార్కులు. 1923 నవంబరు 20 నాటికి డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు. బెర్లిన్‌లో జనవరిలో 250 మార్కులున్న రొట్టె నవంబరులో 20 వేల కోట్లయింది. 30కి పైగా కాగితపు మిల్లులు, 130కి పైగా ముద్రణాలయాలు రాత్రింబగళ్ళు నోట్ల మీదే పని చేశాయి. జీతం చేతికి రాగానే సరుకు కొనడానికి పరుగెత్తాలి, సాయంత్రానికి అదే డబ్బుకు సగం కూడా రాదు.

ఒక అద్దాల బల్లలో ఉన్న నోటును నేను వంగి చాలాసేపు చూశాను. 1922 డిసెంబరు 15 తేదీతో వెయ్యి మార్కులకు ముద్రించిన గోధుమరంగు నోటు అది. చెలామణిలోకి రాకముందే దాని విలువ పోయింది. కొత్త నోటు గీయించే వ్యవధి లేక, దాని మీదే ఏటవాలుగా ఎర్ర అక్షరాలతో వంద కోట్ల మార్కులని కొట్టారు. అడుగున పాత అంకె అలాగే కనిపిస్తోంది. ఖాతా పుస్తకంలో ఒక్క అంకె దిద్దితే దాని పక్కన పొట్టి సంతకం పెట్టాలని నేర్చుకుని బతికిన నాకు, ఒక ప్రభుత్వం తన మాటను అలా అడ్డంగా కొట్టేయడం చూసి చేతులు చల్లబడ్డాయి.

ఇందులో అందరూ నష్టపోలేదు. బాకీలున్న పెద్ద ఫ్యాక్టరీల యజమానులకూ భూస్వాములకూ అప్పులు గాలికి పోయాయి. ఇంటి మీద లక్ష మార్కుల తనఖా ఉన్నవాడు ఆ లక్షను తపాలా బిళ్ళ కూడా రాని సొమ్ముతో తీర్చేశాడు. అప్పు ఇచ్చినవారు, అంటే బాండ్లు కొన్న ఆ వితంతువులూ ఉపాధ్యాయులూ, మునిగిపోయారు. అందరికన్నా పెద్ద బాకీదారు ప్రభుత్వమే. యుద్ధం కోసం ప్రజల దగ్గర తీసుకున్నదంతా ఒక్క రొట్టె ఖరీదుకన్నా తక్కువైంది. 1923 నవంబరు 15న రెంటెన్‌మార్కు అనే కొత్త నాణెం వచ్చి పరిస్థితి కుదుటపడింది. 1925 చట్టం పాత తనఖా అప్పులకు నాలుగో వంతు విలువ నిలిపింది. ప్రభుత్వ బాండ్లకు దక్కింది అంతకన్నా ఎంతో తక్కువ. ఇది దివాలా కాదని ఏ పుస్తకం చెప్పినా నేను ఒప్పుకోను.

మధ్యాహ్నం మ్యూజియం బయట బల్ల మీద కూర్చుని మా అబ్బాయికి నాయనమ్మ సంగతి చెప్పాను. పరిహారపు వాయిదాలను సర్దిన 1924 నాటి డాస్ ప్రణాళిక తరువాత అమెరికా జర్మనీకి అప్పిచ్చేది, జర్మనీ ఫ్రాన్సుకూ బ్రిటన్‌కూ పరిహారం కట్టేది, వారు అమెరికాకు తమ యుద్ధపు అప్పు తీర్చేవారు. ఆ గిలక 1929 అక్టోబరు తరువాత ఆగిపోయింది. 1931 మేలో వియన్నాలో, జులైలో బెర్లిన్‌లో పెద్ద బ్యాంకులు కూలాయి. సెప్టెంబరు 21న బ్రిటన్ తన డబ్బు విలువను బంగారానికి కట్టిన బంగారు ప్రమాణం వదిలేసింది, పౌండుతో ముడిపడిన రూపాయి దానితోపాటే దిగింది. తులం 21 రూపాయల చిల్లర ఉన్న బంగారం 30 దాకా ఎగబాకింది. ఆ సమయానికి మన డెల్టాలో ధాన్యం ధర దాదాపు సగానికి పడిపోయి ఉంది. శిస్తు మాత్రం తగ్గలేదు సరికదా, కృష్ణా గోదావరి జిల్లాల్లో పెంచబోతే రైతులు ఆందోళనకు దిగారు. తెనాలి దగ్గర మా పల్లెలో అప్పుడే కాపురానికి వచ్చిన మా నాయనమ్మ, తన అత్తగారు మెడలోని కాసులపేరు తీసి, కాసులు ఒక్కొక్కటే లెక్కపెట్టి షరాబు చేతిలో పోయడం చూసింది. "ఆ రోజు మా అత్త ఏడవలేదురా, మెడ తడుముకుంటూ ఉండిపోయింది," అని చెప్పేది. ఎప్పుడూ బంగారం దిగుమతి చేసుకునే దేశం, ఆ ఏళ్ళలో ఓడలకెత్తి లండన్‌కు పంపింది.

"నాన్నా, ఆవిడకు ఈ యుద్ధం సంగతి తెలుసా?" అని వాడు అడిగాడు. ఆమెకు తెలిసినవి ధాన్యం ధరా శిస్తు గడువూ మాత్రమేనని చెప్పాను.

ఏడో రోజు: బెర్లిన్

రైలులో వాన మధ్య బెర్లిన్ చేరాము. కోల్విట్జ్ దంపతులు ఉన్న పేట ఇప్పుడు ఆమె పేరుతోనే ఉంది. వారు 50 ఏళ్ళ పాటు కాపురమున్న ఇల్లు 1943 నవంబరు బాంబు దాడిలో కాలిపోయింది. 1923 ఆకలి రోజుల్లో కార్ల్ దగ్గరకు వచ్చే పిల్లలనూ తల్లులనూ క్యాథె ఆ ఇంట్లోంచే చూసింది. ఖాళీ గిన్నెలు పైకెత్తి పట్టుకున్న పిల్లల బొమ్మ ఆ కాలంలో గీసినదే. 1932 ఆరంభానికి జర్మనీలో పని లేనివారు 60 లక్షలు. మరుసటి జనవరి 30న హిట్లర్ అధికారానికి వచ్చాడు. పెద్ద కొడుకు తన బిడ్డకు తమ్ముడి పేరే పెట్టుకుంటే, ఆ రెండో పీటర్ 1942లో రష్యా రంగంలో చనిపోయాడు. ఆమె 1945 ఏప్రిల్ 22న, యుద్ధం ముగియడానికి రెండు వారాల ముందు, కన్నుమూసింది.

సాయంత్రం నాయె వాఖె అనే పాత కాపలా భవనానికి వెళ్ళాము. 1931లో దీన్ని మొదటి యుద్ధ మృతుల స్మారకంగా మార్చినప్పుడు పైకప్పు నడుమ గుండ్రటి రంధ్రం వదిలారు. దాని కింద ఇప్పుడు ఆమె చెక్కిన తల్లీబిడ్డల విగ్రహాన్ని పెద్దది చేసి నిలిపారు. లోపల ఇంకేమీ లేదు. చనిపోయిన కొడుకు తల్లి మోకాళ్ళ మధ్య ముడుచుకుని ఉన్నాడు. ఆమె అతని మీదికి వంగి ఉంది. వచ్చినవారంతా గోడల వెంట తడవని చోట నిలబడ్డారు. మా శ్రీమతి గొడుగు ముడిచి, చెప్పులు తడుస్తున్నా దగ్గరకు వెళ్ళి చూసి, నన్ను చేత్తో పిలిచింది. రంధ్రంలోంచి పడుతున్న వాన తల్లి తల మీదా వీపు మీదా కారి, అంచుల నుంచి నేల మీదికి జారుతోంది. కొడుకు ముఖం మాత్రం తడవలేదు.